కారు రూఫ్ క్లాత్ మార్చే ముందు పాత జిగురు ఎంతవరకు గీకాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీరు విశాఖ మధురవాడలో ఉంటున్నారు. 2012 మోడల్ సెడాన్, ఇన్నేళ్లూ ఎక్కువగా ఎండలోనే నిలబడిన బండి. రూఫ్ క్లాత్ మొదట వెనక అద్దం దగ్గర వేలాడింది, తర్వాత నడిపేవాళ్ల తలకు తగలడం మొదలైంది. విసుగొచ్చి లాగేశారు. గుడ్డ ఊడింది గానీ పైన పసుపుపచ్చ పొడి మిగిలిపోయింది, ముట్టుకుంటే చేతికి బంకలా అంటుకుంటోంది. ఎవరో చెప్తే కారులోనే కూర్చుని థిన్నర్‌తో ఒక అడుగు మేర తుడిచారు. అక్కడ గుడ్డ వెనకుండే రూఫ్ బోర్డు మెత్తబడి నల్లమచ్చ పడింది. ఒక షాపులో అడిగితే "దాని మీదే కొత్త గమ్ కొట్టి అంటించేద్దాం" అన్నారు. ఇప్పుడు పాత జిగురంతా తీయాలా, దేనితో తీయాలి, పాడైన చోటు బాగవుతుందా, ఈ వానల్లో పని పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు.

నేను గాజువాక వైపు ఇరవై రెండేళ్లుగా కుషన్ పని చేస్తున్నాను. సీట్లు, డోర్ ప్యాడ్లు, రూఫ్ క్లాత్‌లు. అందులో జనం ఎక్కువగా సొంతంగా చేయబోయి సగంలో మా దగ్గరికి తెచ్చేది ఈ రూఫ్ పనే. కొంచెం ఓపిక ఉంటే ఇంట్లో చేసుకోదగ్గదే. కాకపోతే అందరూ తప్పు వస్తువుతో యుద్ధం చేస్తారు. ముందు అది చెప్తాను.

మీ చేతికి అంటుకుంటున్నది జిగురు కాదు, స్పాంజి. రూఫ్ క్లాత్ అంటే ఒట్టి గుడ్డ కాదు, దాని వెనక సుమారు మూడు మిల్లీమీటర్ల పాలియురేతేన్ స్పాంజి పొర అతికి ఉంటుంది. కంపెనీవాళ్లు జిగురు పెట్టింది స్పాంజికీ బోర్డుకూ మధ్య. ఆ జిగురు చాలా బండ్లలో ఈరోజుకీ గట్టిగానే ఉంటుంది. చచ్చిపోయింది మధ్యలో ఉన్న స్పాంజి. వేడి, గాలిలోని తేమ కలిసి ఏళ్ల తరబడి దాన్ని లోపల్నించి విరగ్గొడతాయి. చివరికి అది సగం పొడి, సగం బంక అవుతుంది. గుడ్డ బరువు మోసేది ఏమీ ఉండదు కాబట్టి గుడ్డ కిందికి జారుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో బీరువా అడుగున పెళ్లినాటి బూట్లు ఉంటే తీసి చూడండి. పదేళ్లు తొడగని బూట్లు వేసుకుని నాలుగడుగులు వేయగానే సోల్ ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది, చూసే ఉంటారు. వాడకుండా దాచిపెట్టినవి ఎలా పాడయ్యాయా అని ఆశ్చర్యపోతాం. చాలా బూట్ల సోల్ కూడా పాలియురేతేనే, అక్కడా జరిగేది ఇదే. మన విశాఖలో గాలి ఏడాదంతా తేమగా ఉంటుంది, పైగా మూసిన కారు మే నెల ఎండలో నిలబడితే లోపల గాలే 60 డిగ్రీల దాకా పోతుంది, ఇనప రేకుకు ఆనుకుని ఉన్న పైభాగం ఇంకా కాలుతుంది. ఆ రెండూ కలిసే చోట స్పాంజి పదేళ్లు నిలబడిందంటే అదే గొప్ప.

ఇది ఎందుకింత వివరంగా చెప్తున్నానంటే, షాపులో మీకు చెప్పిన "దాని మీదే కొట్టేద్దాం" అన్న మాటకు సమాధానం ఇందులోనే ఉంది. కొత్త గమ్ ఎంత ఖరీదైనదైనా అది పట్టుకునేది తనకు తగిలిన పైపొరను. ఆ పైపొర రాలిపోయే పొడి అయితే గమ్ ఆ పొడిని గట్టిగా పట్టుకుని, పొడితో పాటు కిందికి వచ్చేస్తుంది. ఇసుక మీద పోస్టర్ అంటించినట్టే. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇదే చేశాను. స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ నుంచి వచ్చిన కారు, సాయంత్రానికి కావాలన్నారు, నేను పైపైన చీపురుతో దులిపి గమ్ కొట్టేశాను. అప్పుడు చూడ్డానికి అద్దంలా ఉంది. మూడు వారాలకు ఆయన కారు తెచ్చి మా కొట్టు ముందు ఆపాడు, తల మీద గుడ్డ గొడుగులా దిగి ఉంది. తిట్టలేదు, నవ్వాడు. తిట్టినా బాగుండేది. రెండోసారి నా సొంత డబ్బుతో చేశాను.

కాబట్టి ఎంతవరకు గీకాలి అన్నదానికి నా లెక్క ఇది: రాలేదీ అంటుకునేదీ అంతా పోవాలి, గట్టిగా పట్టుకుని ఉన్నది ఉండొచ్చు. బోర్డు కొత్తదానిలా తెల్లగా మెరవాల్సిన పని లేదు. స్పాంజి పోయాక కింద పలచగా, గట్టిగా, లేత పసుపు రంగులో ఒక పొర కనబడుతుంది, గోటితో గీస్తే రాదు. అది పాత జిగురు. దాన్ని వదిలేయండి. దాన్ని కూడా తీయాలని కూర్చున్నవాళ్లే బోర్డు పైతోలు లేపుకుంటారు. మీరు థిన్నర్ పట్టుకోవడానికీ కారణం అదే, తీయక్కర్లేనిదాన్ని తీయబోయారు.

అసలు పని మొదలు పెట్టే ముందు బోర్డు బయటికి రావాలి. కారులో కూర్చుని తల పైకెత్తి గీకడం అస్సలు వద్దు. పొడి కళ్లలో పడుతుంది, ముక్కులో పోతుంది, సీట్ల కుట్లలోకి దూరి ఏడాదంతా వస్తూనే ఉంటుంది. థిన్నర్ అయితే మరీ ప్రమాదం. మూసి ఉన్న కారులో ఆ ఆవిరి నిండితే తల తిరగడం ఒకటే కాదు, చిన్న నిప్పురవ్వ చాలు. ఈసారి ఏమీ కాలేదు, అదృష్టం.

బోర్డు తీయడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, నెమ్మది కావాలి. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. సన్ వైజర్లు, పైన పట్టుకునే హ్యాండిళ్లు, లోపలి లైటు, బట్టలు తగిలించే కొక్కేలు విప్పాలి. హ్యాండిళ్ల స్క్రూలు చిన్న ప్లాస్టిక్ మూతల కింద దాక్కుని ఉంటాయి. తర్వాత డోర్ల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ పైభాగం మాత్రం లాగితే చాలు. పిల్లర్ కవర్లు, అంటే అద్దాల పక్కన నిలువుగా ఉండే స్తంభాల మీది ప్లాస్టిక్ తొడుగులు, క్లిప్పుల మీద ఉంటాయి, స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి లేపితే గీతలు పడవు. స్క్రూలన్నీ ఒక గుడ్ల అట్టలో గుంటకో రకంగా వేసి, ఏది ఎక్కడిదో పెన్నుతో రాసుకోండి. మా కుర్రాళ్లు నవ్వుతారు గానీ నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఒక్క జాగ్రత్త. మీ కారు పిల్లర్ల మీద గానీ, వాటి పక్కన గానీ ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉందేమో చూడండి. కొన్ని బండ్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు సరిగ్గా రూఫ్ బోర్డు అంచుల వెంబడే మడిచి ఉంటాయి. ఉంటే మాత్రం వాటి వైర్లు, బ్రాకెట్లు ముట్టుకోవద్దు, ఆ కవర్లు విప్పే పని తెలిసిన మెకానిక్ చేత చేయించుకుని మిగతాది మీరు చూసుకోండి. అక్కడ పొదుపు చేయొద్దు.

బోర్డు విడిపోయాక ముందు సీట్లు రెండూ పూర్తిగా వెనక్కి వాల్చేయండి. హ్యాచ్‌బ్యాక్ అయితే డిక్కీలోంచి హాయిగా వస్తుంది. మీ సెడాన్‌కు ఎడమ ముందు డోరు దారి. ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒక్కడే మోస్తే మధ్యలో వంగుతుంది, వంగితే ఫట్‌మంటుంది, ఆ మడత కొత్త గుడ్డ కింద కూడా గీతలా కనబడుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లను పిలవండి, పక్కింటాయనను పిలవండి, ఎవరినైనా సరే.

బోర్డును డాబా మీద నీడలో, రెండు బల్లల మీద పాత దుప్పటి పరిచి, బోర్లా కాకుండా జిగురు వైపు పైకి ఉండేలా పెట్టుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్ వద్దు. మూతికి ఎన్95 మాస్కు, కళ్లజోడు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. చాలా బోర్డుల్లో గ్లాస్ ఫైబర్ ఉంటుంది, ఒంటికి తగిలితే రెండు రోజులు దురద. మాస్కు లేకుండా మొదలుపెట్టి, తుమ్ములొచ్చాక వెతుక్కునేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక గీకడం. ముందు చేత్తోనే మొదలుపెట్టండి. స్పాంజి పొరగా మిగిలిన చోట అరచేతితో ఒత్తి రుద్దితే చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది, చపాతీ పిండి చేతికి అంటినది రుద్దుకుంటే రాలినట్టు. ఇలా సగం పైన వచ్చేస్తుంది. తర్వాత బట్టలుతికే ప్లాస్టిక్ బ్రష్, అదే గొప్ప పనిముట్టు. కొత్తది కొనండి, బాత్రూంలో ఉన్నది సబ్బుతో ఉంటుంది. పూర్తిగా పొడిగా, చిన్నచిన్న గుండ్రాలుగా, బరువు వేయకుండా రుద్దండి. గట్టిగా రుద్దితే త్వరగా అవుతుందనిపిస్తుంది, నిజానికి వేడి పుట్టి బంక ఇంకా సాగుతుంది. లైటు గుంట చుట్టూ, హ్యాండిళ్ల దగ్గర, వంపుల్లో బ్రష్ దూరదు. అక్కడ నేను కొబ్బరి పీచు గుప్పెడు తీసుకుని రుద్దుతాను. పీచు బంకను పట్టుకుంటుంది, బోర్డును గాయపరచదు, నిండిపోతే పారేసి ఇంకో గుప్పెడు. డబ్బు పెట్టి కొన్న ఏ స్క్రబ్బరూ నాకు అంత బాగా పనిచేయలేదు.

వైర్ బ్రష్ వాడొద్దు. డ్రిల్లుకు తగిలించే బ్రష్‌లు వీడియోల్లో బాగుంటాయి, చేయి తిరిగినవాళ్లకు పనికొస్తాయి కూడా, కానీ మొదటిసారి చేసేవాళ్లు ఒక్క క్షణం ఆగినా అక్కడ గుంట పడుతుంది. నీళ్లు అస్సలు తగలనివ్వకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక, అద్దాలు పగిలి లోపలికి వాన కొట్టిన బండ్లు మా దగ్గరికి వరసగా వచ్చాయి. అప్పుడు చూశాను, తడిసిన రూఫ్ బోర్డు అప్పడంలా వంకర తిరిగి, పొరలు పొరలుగా విడిపోయి, మళ్లీ దాని ఆకారానికి రాలేదు. తడిగుడ్డతో తుడిస్తే అంత జరగదు గానీ, తేమ లోపలుండగా గమ్ పడితే పట్టదు.

అసలు ఇబ్బంది పెట్టేది ముందు అద్దం పైన, వెనక అద్దం పైన ఉన్న రెండు పట్టీలు. ఎండ నేరుగా తగిలేది అక్కడే, అందుకే స్పాంజి పొడి కాకుండా బెల్లంపాకంలా అయిపోయి ఉంటుంది. బ్రష్ వేస్తే సాగుతుంది. దీనికి మందు బలం కాదు, వేళ. మధ్యాహ్నం వదలనిది తెల్లవారుజామున వదులుతుంది. చల్లబడ్డప్పుడు ఆ బంక గట్టిపడి పెళుసవుతుంది. రాత్రంతా బోర్డును చల్లని గదిలో పెట్టి, ఏసీ ఉంటే ఇంకా మంచిది, ఉదయం ఆరింటికి ముందు ఆ రెండు పట్టీలే పట్టండి. అప్పటికీ కదలని చోట 120 నంబరు ఉప్పుకాగితం, అదే ఎమ్రీ పేపరు, చెక్కముక్కకు చుట్టి తేలిగ్గా తిప్పండి. కాగితం త్వరగా నిండిపోతుంది, అరడజను దగ్గర పెట్టుకోండి. ముఖానికి రాసుకునే పౌడరు చల్లితే బంక పోతుందని ఒక చిట్కా తిరుగుతోంది. చేతికి అంటుకోకుండా పోయేది నిజమే, కొత్త గమ్ కూడా అంటుకోకుండా పోతుంది.

మధ్యమధ్యలో పొడిని ఊదకుండా వాక్యూమ్‌తో లాగేయండి. వాక్యూమ్ లేకపోతే మెత్తటి పెయింట్ బ్రష్‌తో ఒక పక్కకు తోసి ఎత్తేయాలి. బ్లోయర్ కొడితే అది మీ డాబా మీదే కాదు, పక్కవాళ్ల వడియాల మీద కూడా పడుతుంది.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది? కంటిని నమ్మొద్దు. అట్టపెట్టెలకు వేసే బ్రౌన్ ప్యాకింగ్ టేపు జానెడు ముక్క తీసి బోర్డు మీద గట్టిగా ఒత్తి, ఒక్క లాగు లాగండి. టేపు బంక వైపు పసుపు పొడి కనబడితే అక్కడ ఇంకా పని ఉంది. శుభ్రంగా వస్తే చాలు. ఇలా పదిహేను ఇరవై చోట్ల, ముఖ్యంగా అంచుల దగ్గరా గుంటల్లోనూ చూడండి. ఒక నల్లగుడ్డతో చివరిసారి తుడిస్తే గుడ్డ నల్లగానే ఉండాలి. మొత్తం మీద ఈ గీకుడుకే మొదటిసారి చేసేవాళ్లకు ఒక పూట నుంచి రోజంతా పడుతుంది. అంటించడం దీని ముందు చిన్నపని.

ఇప్పుడు మీ థిన్నర్ సంగతి. పెట్రోలైనా థిన్నరైనా పాత జిగురును కరిగిస్తాయి, నిజమే, కానీ కరిగినది ఎక్కడికీ పోదు. బోర్డు పీల్చేసుకుంటుంది, చచ్చిన స్పాంజి రంగును కూడా తనతో లోపలికి తీసుకుపోతుంది. రేపు కొత్త గమ్ కొట్టినప్పుడు దానిలోని ద్రావకం తగిలి ఆ రంగు మళ్లీ పైకి తేలి, లేత రంగు గుడ్డయితే మచ్చగా కనబడుతుంది. పైగా ఇప్పటి బోర్డులు కొన్నిట్లో మధ్యపొర కూడా గట్టి ఫోమే, దాన్ని థిన్నర్ మెత్తబరుస్తుంది. మీకు జరిగింది అదే కావచ్చు.

పోయిందేమీ లేదు. ఆ చోటును గాలి తగిలేచోట కనీసం రెండు రోజులు వదిలేయండి, వాసన పూర్తిగా పోవాలి, ముక్కు దగ్గర పెట్టి చూసుకోండి. ఆరాక చెక్కుకట్టిన భాగాన్ని పుట్టీ రేకుతో పడుకోబెట్టి తీసి, ఉప్పుకాగితంతో చదును చేయండి. తర్వాత బొటనవేలితో ఒత్తండి. గట్టిగా ఉంటే అంతే, అందరితో పాటు దానికీ గమ్. లోపలికి వంగుతుంటే బోర్డు వెనక వైపు నుంచి, అంటే కారు రేకు వైపు నుంచి, గ్లాస్ మ్యాట్ ముక్కను రెసిన్‌తో అంటించి ఒక రాత్రి ఆరనివ్వండి. మ్యాట్, రెసిన్ ఫైబర్ పని చేసేవాళ్ల దగ్గర దొరుకుతాయి. పాత మడతలకు, పగుళ్లకు కూడా ఇదే వైద్యం. హాట్ గ్లూ గన్ వాడొద్దు, మే నెలలో అది మళ్లీ మెత్తబడుతుంది. గుడ్డ రంగు విషయంలో మాత్రం నా మాట వినండి, తెలుపు, క్రీము వదిలేసి బూడిదరంగు తీసుకోండి. మచ్చ తేలినా మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ద్రావకాలు ఎక్కడా వద్దా అంటే, ప్లాస్టిక్ పిల్లర్ కవర్ల మీద, అద్దం అంచున అంటిన జిగురుకు వాడొచ్చు. దానికి థిన్నర్ కాదు, మందుల షాపులో దొరికే నీలగిరి తైలం. దూదికి రాసి రెండు నిమిషాలు ఉంచి తుడిస్తే వదులుతుంది, ప్లాస్టిక్ మెరుపు చాలావరకు పోదు, అయినా ముందు కనబడని మూల పరీక్షించండి. కానీ ఆ తైలం చుక్క కూడా బోర్డు మీద పడకూడదు. నూనె పడ్డ చోట గమ్ పట్టదు.

బోర్డు బయట ఉండగానే పైకి చూసి ఇనప రేకును కూడా పరీక్షించండి. మనది సముద్రపు ఊరు. యాంటెన్నా రంధ్రం చుట్టూ, రూఫ్ రెయిల్స్ బోల్టుల దగ్గర, వెనక అద్దం పై అంచున తుప్పు మొదలై ఉంటే ఇదే అవకాశం. ఒకరు బయట నుంచి పైపుతో నీళ్లు పోస్తుంటే ఇంకొకరు లోపల టార్చి వేసి చూడాలి. సన్‌రూఫ్ ఉన్న బండైతే దాని నాలుగు మూలల నీటి గొట్టాలు మట్టితో మూసుకుపోయాయేమో కూడా. కారుతున్న రూఫ్ కింద కొత్త గుడ్డ వేయడం దండగ. రేకుకు అంటించి ఉన్న నల్లటి షీట్లు శబ్దం కోసం పెట్టినవి, వాటిని పీకొద్దు.

గుడ్డ కొనేటప్పుడు వెనక మూడు మిల్లీమీటర్ల స్పాంజి ఉన్న రూఫ్ క్లాతే అడగండి. డబ్బు మిగులుతుందని కర్టెన్ గుడ్డ తెచ్చినవాళ్లున్నారు. స్పాంజి లేకపోతే గమ్ ఇవతలికి ఊరి మచ్చలవుతుంది, బోర్డు మీది ప్రతి గరుకూ పైకి కనబడుతుంది. పన్నా బోర్డు వెడల్పుకు సరిపోయి అటూఇటూ జానెడు మిగలాలి. సరిపోకపోతే మధ్యలో అతుకు వేసి ఇస్తామంటారు, ఒప్పుకోకండి.

గమ్ సంగతి క్లుప్తంగా. తెల్ల ఫెవికాల్ కాదు, అది చెక్కకు. సింథటిక్ రబ్బరు కాంటాక్ట్ గమ్ కావాలి, అందులోనూ ఎక్కువ వేడికి ఆగేది. హెడ్‌లైనర్ కోసమని, అంటే ఈ రూఫ్ క్లాత్ కోసమని, ప్రత్యేకంగా వచ్చే స్ప్రే డబ్బాలు దొరికితే మొదటిసారి చేసేవాళ్లకు అవే నయం, బ్రష్‌తో పూస్తే ముద్దలు పడతాయి. మామూలు క్రాఫ్ట్ స్ప్రే గమ్‌లు రెండు ఎండాకాలాలు చూడవు. బోర్డుకు రెండు పూతలు, మధ్యలో ఆరనిచ్చి, స్పాంజికి ఒకటి. డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. వేలి కణుపుతో తాకితే అంటుకున్నట్టుండి గమ్ వేలికి రాకపోతే అదే సమయం. తడిగా ఉండగా అంటిస్తే గమ్ స్పాంజిలోకి ఊరిపోతుంది. బీడీ, సిగరెట్, దీపం, గ్యాసు పొయ్యి ఏవీ దగ్గర్లో ఉండకూడదు.

గుడ్డను సగానికి మడిచి, మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు పోండి. అరచేతితో నిమరాలి, లాగకూడదు. లైటు గుంట దగ్గర గుడ్డను ముందే గుంట అడుగుదాకా వేళ్లతో దింపి, తర్వాతే పక్కలకు వెళ్లాలి. బిగుతుగా గుంట మీద నుంచి పోనిస్తే ఆరు నెలల్లో అక్కడ బుడగలా లేస్తుంది. అంచుల్ని వెనక్కి మడిచి అక్కడ కూడా గమ్ వేయండి. లైటుకూ హ్యాండిళ్లకూ రంధ్రాలు పూర్తిగా కోయకుండా గుణకారం గుర్తులా చీల్చి కొసలు లోపలికి మడవండి. ఒక రోజంతా వదిలేశాకే కారులో ఎక్కించండి.

ఇక వానలు. గీకే పని ఈ నెలలో నిస్సంకోచంగా పెట్టుకోండి, బోర్డు తడవకపోతే చాలు, చల్లగా ఉంటుంది కాబట్టి ఇంకా సుఖం. అంటించడం మాత్రం ముసురు రోజున వద్దు. గమ్‌లోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఆ పూత చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద కంటికి కనబడనంత సన్నగా నీరు చేరుతుంది. ఒక్కోసారి పూత మీద తెల్లటి మసకలా కనబడుతుంది కూడా. రెండు పూతల మధ్య నీటిపొర ఉంటే అవి కలిసేదెలా? నేను వానాకాలంలో చేయక తప్పని పనులకు తలుపులు మూసి ముందు గంటసేపు ఏసీ వేసి గదిని పొడి చేస్తాను, స్ప్రే చేసేటప్పుడు మాత్రం ఏసీ ఆపి కిటికీలు తెరుస్తాను. మీరైతే తొందరేముంది, గీకిన బోర్డును గదిలో గోడకు ఆనించకుండా మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎండ కాసే రోజు కోసం ఆగండి. ఆ రోజు కూడా ఉదయం పదింటికి చెమ్మ ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి ఊపందుకునేలోపు ముగించండి. ఆ గాలి తేమతో పాటు ఇసుక కూడా తెస్తుంది, గమ్ మీద పడ్డ ఒక్కో రేణువూ గుడ్డ కింద మొటిమలా తేలుతుంది. డిసెంబరు, జనవరి దాకా ఆగగలిగితే మా పనికి అంతకంటే మంచి కాలం ఈ ఊళ్లో లేదు.

అప్పటిదాకా బోర్డు లేకుండా కారు నడపొచ్చా అని అడుగుతారేమో. నడపొచ్చు, రేకు వేడి నెత్తిన కొడుతుంది, వాన పడితే డప్పు వాయించినట్టుంటుంది, అంతే. సన్ వైజర్లు మాత్రం బిగించుకోండి, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద ఎండ నేరుగా కళ్లలో పడుతుంది.

గుడ్డకు పిన్నులు గుచ్చడం, సిరంజితో లోపలికి గమ్ ఎక్కించడం లాంటివి ఇంకెవరైనా చదివేవాళ్లు చేయబోతుంటే, బండి అమ్మే దాకా నాలుగు రోజులు గడవడానికి పిన్నులు పర్వాలేదు. సిరంజి వద్దు, గట్టిపడిన గమ్ చుక్కలు తర్వాత గీకేవాడికి నరకం. ఆ గీకేవాణ్ణి నేనే అయ్యాను చాలాసార్లు.

బోర్డు విప్పే ముందు రెండు ఫోటోలు పెట్టండి. ఒకటి ముందు పిల్లర్ కవర్ పైభాగం దగ్గరగా, అక్షరాలు ఏమైనా ఉంటే కనబడేలా. రెండోది థిన్నర్ పడిన చోటు, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి. ఎయిర్‌బ్యాగ్ ఉందో లేదో, వెనక మ్యాట్ వేయాలో వద్దో చూసి చెప్తాను.